పేరు పిలిచే వరుస

“చెప్పినాము, ఆమె వినలేదు. అట్లనే రాయి.”

“ఏ భాషలో చెప్పినారు అవ్వా?”

“చెప్పినామంటే చెప్పినాము. భాషేమి, బండేమి.”

“ఆమెకు తెలుగు రాదు, తమిళం రాదు, కన్నడం రాదు అని ఇందాక నువ్వే చెప్తివి కదా. మరి ఏమని చెప్పినారు?”

“చేత్తో చూపించినాము.”

“తలమీద బాండ్లి మోస్తా వచ్చే మనిషికి పక్కన నీ చెయ్యి ఎట్ల కనపడుతుంది?”

“ఏమే మంజూ, నువ్వు బడికి రాసేదానికి అడుగుతా ఉండావా, నన్ను కోర్టులో నిలబెట్టేదానికి అడుగుతా ఉండావా?”

“గేటు ముత్తు తాత వేరే మాదిరి చెప్పినాడు.”

“ఆ ముసలోడికి ఏం తెలుసు? గేటుకాడ కూర్చోని బీడీ తాగుతా ఉండినాడు వాడు.”

“సరే అవ్వా. నువ్వు చెప్పిందే రాస్తా. రేపు అందరి ముందర నిలబడి నువ్వే చెప్పు.”

ఇది హోసూరులో నా కొడుకు ఇంట్లో, దీపాలు పెట్టే వేళ, నాకూ నా మనుమరాలు మంజులకూ జరిగిన గొడవ. మంజుల అప్పుడు తొమ్మిదో తరగతి. ‘మన ఊరిని కట్టిందెవరు, వాళ్ళు యాడినుంచి వచ్చినారు’ అని బడిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. రెండు వారాలు అది పాత కంపెనీల గేట్ల దగ్గరా, కూలీల షెడ్ల దగ్గరా తిరిగి అడిగి వచ్చింది. చివరిరోజున ప్రతి పిల్లా చేతులతో పని చేసిన ఒక పెద్దమనిషిని క్లాసుకు పిలుచుకొని రావాలి. మంజుల నన్ను రమ్మంది. నేను కెలమంగలంలో బాడుగ గదిలో ఒక్కదాన్నే ఉంటాను. అది నేను కోరుకున్నదే. పిలవగానే మొదటి బస్సుకు బయలుదేరాను. సంతోషపడ్డానని మాత్రం దానికి చెప్పలేదు.

చార్టు ఇంగ్లీషులో రాసింది. నాకోసం తెలుగులో చదివి వినిపించింది. అందులో ఒక లైను ఇది: ‘ఒక కూలీ స్త్రీ, హెచ్చరించినా వినకుండా, పైనుంచి పడిపోయింది.’ అది నేను చెప్పిన మాటే. చదివేటప్పుడు మంజుల నా మొఖంలోకి చూసింది. గొడవ అక్కడ మొదలయింది.

ఇప్పుడు ఇది రాస్తున్నది మంజుల కోసం కాదు, దానికి తెలుగు కూడబలుక్కొని చదవడమే వచ్చు. మా కెలమంగలం చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు మేస్త్రి పనికి దిగుతున్నారు, వాళ్ళ కోసం. నేను చదివింది మూడో తరగతి. తెలిసిందే రాస్తాను, తెలియనిది రాయను.

మేస్త్రికి జత ఉండదు

ఆడకూలీల మేస్త్రి అంటే గొంతు పెంచి అరిచేది అనుకుంటారు. అరవడం ఎవరికైనా వస్తుంది. తెల్లవారి బస్టాండులో పన్నెండు మంది ఆడవాళ్ళు నిలబడి ఉంటే, బస్సు వచ్చేలోపల ఎవరి కాలు వాచిందో, ఎవరు రాత్రి తిన్లేదో, ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో కనిపెట్టాలి. కనిపెట్టి జతలు కట్టాలి. కాంక్రీటు నింపిన ఇనప బాండ్లి ఒకామె ఎత్తి తల మీద పెడుతుంది, ఇంకొకామె మోస్తుంది. ఎత్తే చేతికీ మోసే మెడకూ కుదరకపోతే పొద్దు వాలేసరికి ఇద్దరికీ నడుములు పోతాయి. అత్తాకోడళ్ళను ఎప్పుడూ జత చేయకండి. తోడికోడళ్ళను చేయొచ్చు, వాళ్ళు పోటీపడి మోస్తారు.

పన్నెండు మందికి ఆరు జతలు. పదమూడోది మేస్త్రి. ఆమెకు జత ఉండదు. ఇది ఎవరూ ముందుగా చెప్పరు గనుక నేను చెబుతున్నాను. మధ్యాహ్నం నీడలో అందరూ గుండ్రంగా కూర్చొని రాగిముద్ద తింటూ నవ్వుకుంటూ ఉంటారు. మీరు పోతే నవ్వు ఆగిపోతుంది. మా ఎల్లమ్మ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది: “మేస్త్రమ్మ వస్తా ఉండాది, పండ్లు మూసుకోండమ్మా!” నేను నా డబ్బా తీసుకొని ఇసుక కుప్ప అవతలికి పోయి తినేదాన్ని. అట్లా పద్దెనిమిదేళ్ళు తిన్నాను.

నేను గట్టిదాన్నే. పొదుపుదాన్ని కూడా. చిల్లు పడిన బాండ్లికి తారు మెత్తి ఇంకో వారం వాడించేదాన్ని. సిమెంటు సంచి చింపి వానకు తలమీద కప్పుకునే కొప్పెర చేయించేదాన్ని, కట్టుతాడు ముక్కలు ఏరి ముడి వేయించేదాన్ని. “మా అక్క ఎండ పోయినాక తన నీడ కూడా మడిచి సంచిలో పెట్టుకుంటుంది” అని ఎల్లమ్మ అంటే అందరూ పడీ పడీ నవ్వారట. నా ముందర కాదు. ఎవరో చెబితే తెలిసింది.

చిన్నప్ప మేస్త్రి

మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. మేపే బీళ్ళన్నీ కంపెనీలకు పోయాక గొర్రెలు అమ్మేశాం. మా ఆయన పోయాక నేను హోసూరులో కూలికి దిగాను. తొంభైల మొదటి ఏళ్ళు అవి. ఎటు చూసినా గోడలు లేస్తున్నాయి. తమిళం మాట్లాడేవాళ్ళు, కన్నడం వాళ్ళు, మావాళ్ళు, ఎక్కడెక్కడి వాళ్ళో. మొదటి రోజు నేను గేటు పక్కన ఎవరూ పలకరించక ఎండలో నిలబడి ఉంటే, ఒక బట్టతల ఆయన వచ్చి అడిగాడు.

“నీ పేరేందమ్మా?”

“పని ఉండాదా అప్పా?”

“పని తరవాత. పేరు చెప్పు.”

“గౌరమ్మ.”

“గౌరమ్మా!” అని ఆయన అక్కడి నుంచే పది గజాలు వెనక్కి పోయి మళ్ళీ అరిచాడు. “గౌరమ్మా! వినపడిందా?”

“వినపడింది.”

“అట్లయితే పని ఉండాది.”

ఆయనే చిన్నప్ప మేస్త్రి. నోరు మంచిది కాదు. సాయంత్రం అయితే సారాయి వాసన. ఆడవాళ్ళ పని మగవాళ్ళ పనికన్నా తక్కువని ఆయన కూడా అనుకునేవాడు, అందులో ఆయన అందరిలాంటి వాడే. కానీ స్లాబు వేసే రోజు ఆయన పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. అది నేను ఎక్కడా ఇంకొకరి దగ్గర చూడలేదు.

స్లాబు వేసేటప్పుడు కాంక్రీటు కలిపే మిషను మోతలో ఏ కేకా వినపడదు. ‘ఆగండి’ అని అరిస్తే అది ఎవరికో అనుకొని అందరూ నడుస్తూనే ఉంటారు. తన పేరు మాత్రం మనిషికి ఎంత మోతలోనైనా వినపడుతుంది. అందుకని ఆయన దగ్గర ఊరికే అరవడం లేదు. బాండ్లి పోసి వెనక్కి తిరిగిన ఆమె, తన తరువాత వచ్చే ఆమెను పేరు పెట్టి పిలిచి మాట చెప్పాలి. ‘గౌరమ్మా, నడిచే పలక మారింది.’ ‘లచ్చుమమ్మా, ఆగు.’ ఆమె తన వెనక ఆమెకు చెప్పాలి. అట్లా మాట మనిషి నుంచి మనిషికి పోతుంది. స్లాబు ఎక్కేముందు అందరినీ వరుసలో నిలబెట్టి, ముందు వెనకల పేర్లు చెప్పించేవాడు.

ఒకసారి కృష్ణగిరిలో ఒక కల్యాణమండపం స్లాబు. మిషను తిరుగుతోంది, సిమెంటు నీళ్ళు పడుతున్నాయి. వరుసలో ఒక కొత్త ఆమె పేరు ఆయనకు గుర్తు రాలేదు. మిషను ఆపించాడు.

ఇంజనీరు కింది నుంచి అరిచాడు: “ఏమయ్యా, మాలు గట్టిపడిపోతుంది!”

“గట్టిపడనీ సారూ. పేరు తెలీని మనిషి నా స్లాబు ఎక్కగూడదు.”

అందరం నవ్వుకున్నాం. తాగి వచ్చాడనుకున్నాం.

పాపమ్మ డబ్బా

ఆయన కాళ్ళు పోయి పని మానేశాక ఆ గుంపు నా చేతికి వచ్చింది. మొదటి ఏడాది చేసిన తప్పు ఒకటి చెబుతాను, అది మీకు పనికొస్తుంది.

జవళగిరి నుంచి పాపమ్మ అని ఒక పిల్ల వచ్చేది. పొద్దున్నే గాలిలా మోసేది, మధ్యాహ్నం అయ్యాక కాళ్ళు ఈడ్చేది. సోమరిపోతు అని తిట్టాను. మూడు రోజులు తిట్టాను. నాలుగో రోజు మెట్ల మీద కూలబడింది. నీళ్ళు చల్లి, ఏమైనా తినిపిద్దామని దాని డబ్బా తీస్తే, పొద్దున తెచ్చిన ముద్ద తెచ్చినట్టే ఉంది.

“ఏంటికే తిన్లేదు?”

“మా అమ్మకు తీసుకోని పోతా అక్కా. ఇంట్లో ఒక ముద్దకే పిండి ఉండాది.”

అప్పటినుంచి మధ్యాహ్నం తిండి అయ్యాక డబ్బాలు కడిగేచోట నిలబడి చూసేదాన్ని, ఎవరి డబ్బా కడగాల్సిన పని లేకుండా ఉందో. తిట్టేముందు డబ్బా చూడండి. నేను పాపమ్మకు క్షమించమని చెప్పలేదు. అట్లాంటి మాట నాకు రాదు. నా ముద్దలో సగం పెట్టాను, అది కూడా “పారేసేకన్నా నువ్వు తిను” అని కసురుతూనే.

హిందీ

హోసూరు పక్కన ఒక పెద్ద కంపెనీ కట్టడం. కమ్మి కట్టే మగవాళ్ళు ఉత్తరం నుంచి గుంపుగా వచ్చారు. ఒరిస్సా అన్నారు, బీహారు అన్నారు. మేము విచారించలేదు. వాళ్ళలో ఒకడు పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు. షెడ్డులో ఊరికే ఎందుకు కూర్చోవడమని ఆమెను నా గుంపులో వేశారు.

ఎల్లమ్మ అడిగింది: “అక్కా, ఈమెను ఏమని పిలవాల?”

“హిందీ అని పిలువు. ఉండేది ఎన్ని దినాలో, పేరు నేర్చుకోని ఏం చేసేది?”

మాట విషయంలో కూడా నాకు పొదుపే. ఆమె నా దగ్గర నాలుగు నెలలు చేసింది.

పన్నెండు మందికి ఆమె కూడా నా మాదిరే పదమూడోది అయింది. అంటే ఆమెకూ జత లేదు. బాండ్లి తనే వంగి, మోకాలి మీద పెట్టుకొని, తనే తలకెత్తుకునేది. అట్లా ఎత్తుకునే ఆడమనిషిని నేను అంతకుముందు చూడలేదు. నాకు ముచ్చటేసింది, జత కట్టాల్సిన అవసరం తప్పిందని కూడా అనుకున్నాను. మధ్యాహ్నం మావాళ్ళ గుండ్రంలో ఆమె కూర్చునేది కాదు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. రొట్టె చుట్టిన గుడ్డ తెచ్చుకొని, నేను కూర్చునే ఇసుక కుప్పకే రెండో పక్కన కూర్చునేది. ఒక రోజు ఏదో వేయించిన పిండి ఉండ ఒకటి నా వైపు చాపింది. నేను తల అడ్డంగా ఊపాను. ఒకసారి తీసుకుంటే రేపు మనమూ ఇవ్వాల్సి వస్తుందని నా లెక్క. ఆమె చెయ్యి కొంచెంసేపు అట్లాగే ఉంచి, వెనక్కి తీసుకొని తినేసింది. ఆ తరువాత చాపలేదు. కుప్పకు ఈ పక్క నేను, ఆ పక్క ఆమె, నాలుగు నెలలు.

స్లాబు రోజు

పై అంతస్తు స్లాబు. మెట్ల కోసం మధ్యలో వదిలిన పెద్ద సందు మీద ఒక పలక వేసి, ఆ పలక మీదుగా మావాళ్ళు నడిచి అవతల మాలు పోసి, వేరే దారిన దిగుతున్నారు. అవతలి పక్క నిండాక వడ్రంగులు ఆ పలక తీసి ఇంకోచోట వేయాలి. తీసేముందు నాకు చెప్పారు. నేను ఎల్లమ్మకు చెప్పాను: “ఎల్లమ్మా, పలక తీస్తా ఉండారు. వెనక వచ్చేవాళ్ళను ఆపు.” ఎల్లమ్మ అప్పుడే బాండ్లి పోసి తిరిగింది. ఆమె వెనక వచ్చేది హిందీ.

ఎల్లమ్మ పిలవడానికి నోరు తెరిచింది. ఏమని పిలవాలి? హిందీ అని మేము మాలో మేము అనుకునేదే తప్ప, ఆమె అది తన పేరని ఎప్పుడూ తలతిప్పింది లేదు. ఎల్లమ్మ నావైపు చూసింది. నేను చెయ్యి ఎత్తి ఊపాను, అడ్డం పోలేదు. పది అడుగులు. అడ్డం పోయి ఉండొచ్చు. కానీ వరుస ఆగి మిషను ఆగితే ఇంజనీరు ఏమంటాడోనని నా కళ్ళు కిందికి పోయాయి. ఆమె తల మీద బరువుతో, ముందుకే చూస్తూ, రోజంతా నడిచిన దారినే నడిచింది. పలక లేదు.

కింది అంతస్తులో పడింది. తుంటి ఎముక విరిగింది. అరవలేదు. ఆమె తల మీద ఉండిన గుడ్డ చుట్ట స్లాబు మీదనే పడి ఉంటే, అది తీసి దులిపి ఇంకొకామెకు ఇచ్చాను, మిగిలిన మాలు మోయాలి కదా అని. ఇది ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఇంజనీరు పరుగెత్తి వచ్చాడు. “మేస్త్రమ్మా, చెప్పలేదా ఆమెకు?”

“చెప్పినాము సారూ. ఆమె వినలేదు.”

ఎల్లమ్మ నా పక్కనే ఉంది. నేల చూసింది.

నా నోట వచ్చిన ఆ ఒక్క మాటతో ఆ వ్యవహారం తెగిపోయింది. తప్పు ఆమెదే అన్నారు. కట్టు కట్టించి, మొగుడూ పెళ్ళాలను కొన్ని రోజుల్లో రైలెక్కించారు. ఎల్లమ్మా ఇంకో ఇద్దరూ దారికి ఉప్మా మూటకట్టుకొని స్టేషనుకు పోయారట. నన్ను పిలవలేదు. నాకు తెలిసింది గేటుకాడి ముత్తు చెబితే. తరువాత నెల తిరగకముందే ఎల్లమ్మ వేరే మేస్త్రి దగ్గరికి పోయింది. పోతూ గొడవపడి ఉంటే బాగుండేది. “పోయొస్తా అక్కా” అంది, అంతే.

దాని తరువాత నేను ఇంకా ఎనిమిదేళ్ళు మేస్త్రిగా చేశాను. ఆ మాట అడిగినవాళ్ళందరికీ అట్లాగే చెప్పాను. చెప్పి చెప్పి, నిజంగానే చెప్పాము అని నాకే అనిపించే దాకా చెప్పాను. కొత్తగా దిగే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. పలకడానికి రాని పేరైతే, వచ్చే దాకా స్లాబు ఆపండి. ఇంజనీరు తిడతాడు. తిట్టించుకోవడానికే మేస్త్రి ఉండేది.

చార్టులో ఒక గడి

ఆ సాయంత్రం గొడవ అయ్యాక మంజుల మళ్ళీ రాతకు కూర్చుంది. పెన్ను పట్టుకొని చార్టు మీద ఒంగి ఉంది. తరువాత, కోపం లేకుండానే, అడిగింది.

“ఆమె పేరేంది అవ్వా? ఈడ గడి ఉండాది, పేరు రాయాల.”

నేను నోరు తెరిచాను.

“అవ్వా?”

“తెలీదు.”

“నాలుగు నెలలు నీ కింద చేసింది అంటివే?”

“తెలీదంటే తెలీదు.”

అది పెన్నుకు మూత పెట్టింది. గొడవపడి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. లోపలికి పోయి అన్నం పెట్టుకొని తిని, తన పుస్తకాలు సర్దుకొని పడుకుంది. నాకు కంచం పెట్టి మూతపెట్టి పోయింది. నేను చార్టు ముందర కూర్చున్నాను. ఇంగ్లీషు నాకు రాదు. అయినా ఏ లైను ఏదో నాకు తెలుస్తూనే ఉంది.

మరునాడు

తెల్లవారి ఇద్దరం నడిచే బడికి పోయాం. మంజుల చార్టు చుట్ట పట్టుకొని ముందు నడిచింది, నేను వెనక నడిచాను. క్లాసులో గోడ పొడుగునా చార్టులు కట్టారు. ముందర ఒక కుర్చీ వేశారు. మూడో పేరు మంజులది. నేను పోయి కూర్చున్నాను. మంజుల నా గురించి ఇంగ్లీషులో చదివి, మధ్య మధ్య నాకోసం తెలుగులో చెప్పింది. ఆ లైను దగ్గరికి వచ్చేసరికి నేను చెయ్యి ఎత్తాను.

“అది కొట్టెయ్యి.”

“ఏమి అవ్వా?”

“వినలేదు అనేది. కొట్టెయ్యి. అబద్ధం అది.”

క్లాసంతా చూస్తోంది. మంజుల టీచరమ్మను చూసింది. టీచరమ్మ సరేనని తల ఊపితే, పెన్ను తీసి గీత పెట్టింది.

“ఏమని రాయాల?”

“ఆమెకు ఎవరూ చెప్పలేదు అని రాయి. మేస్త్రి గౌరమ్మ పది అడుగులు నడిచి పోలేదు అని రాయి. పోయినోళ్ళకు, వచ్చినోళ్ళకు, అందరికీ అబద్ధం చెప్పింది అని రాయి.”

అది రాసింది. టీచరమ్మ తమిళంలో అడిగింది, ఆమె ఎక్కడి మనిషి, పేరేమి అని. తెలియదని చెప్పాను. వెనక బెంచీలో ఎవరో పిల్లవాడు ఏదో అన్నాడు, ఇద్దరు నవ్వారు, టీచరమ్మ కసిరింది.

ఇంకేమైనా చెబుతారా అని టీచరమ్మ అడిగింది. లేదన్నాను. ఆమె తరువాతి పిల్లవాడి తాతను పిలిచింది. కుర్చీ ఒక్కటే ఉంది గనుక నేను లేచి ఆయనకు ఇచ్చాను. మంజులకు ఇంకా క్లాసులు ఉన్నాయి. నేను బస్టాండు దాకా నడిచి, పదకొండు గంటలకు కెలమంగలం బస్సెక్కి ఇంటికి వచ్చాను.